తెల్లగీతకు పెట్టిన లక్క

ఆ రోజుల్లో జనగామలో నా చేయి పడకుండా ఒక్క పెళ్లికార్డు కూడా బయటికి పోయేది కాదంటే మీరు నమ్మాలి. (చేయి పడేది మడతపెట్టడానికి. అక్షరాలు కూర్చడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను.) స్టేషన్ రోడ్డులో మా అచ్చు ప్రెస్సు. అందులో యజమాని సేటు, కాలితో తొక్కే మిషన్ నడిపే చిచ్చా, నేను. పని ఎంత తక్కువ తెలిస్తే మనిషికి తన మీద అంత నమ్మకం ఉంటుంది. ఆ లెక్కన నా అంత నమ్మకమున్నవాడు జిల్లాలో లేడు.

ఒకనాడు హైదరాబాదు నుంచి కొత్త ఇంగ్లీషు సీసపు అక్షరాల పెట్టె దిగింది. భూపాలపల్లి గనుల ఆఫీసరొకాయన తన కూతురి పెళ్లికార్డు మీద పేర్లు స్టాంపు కాగితం అక్షరాల్లా దర్జాగా ఉండాలని పట్టుబడితే సేటు తెప్పించాడు. ఈ కార్డు నచ్చితే గనుల కాలనీ పెళ్లిళ్లన్నీ మావేనని ఆయన ఆశ. కార్డులు ఎల్లుండికి ఇవ్వాలి. "జర తుడిచి గళ్లల్ల సర్దు" అని నాకు చెప్పి, కాగితం కొనడానికి హన్మకొండ పోయాడు.

ఒక అక్షరం తీసి చూశాను. చెప్పులు తొడిగినట్టు కొసలు, లావు ఒళ్లు, ఆ ఒంటి నడుమ పైనుంచి కిందిదాకా సన్నటి గాడి. ఇంకోటి తీశాను, దానికీ గాడే. పెట్టెడు అక్షరాలూ లారీ కుదుపులకు పగిలాయన్నమాట. పగిలితే అన్నీ ఒకే తీరుగా ఎట్లా పగిలాయన్న అనుమానం నాకూ వచ్చింది గానీ, అనుమానం తీర్చుకోవడం కన్నా పని మొదలుపెట్టడం తేలిక. పార్సిళ్లకు ముద్ర వేసే లక్క కరిగించి, గాడులన్నీ పూడ్చి, బ్లేడుతో నున్నగా గీకి, సేటు మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మర్నాడు మొదటి ప్రూఫు చూసి సేటు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నడుమ తెల్లగీత ఏదిరా?"

"ఏం గీత సేటూ?"

చిచ్చా సిరా ఎక్కువైందని తగ్గించాడు. అక్షరాలు పాలిపోయాయి గాని గీత రాలేదు. కంపెనీవాడు మోసం చేశాడని సేటు ఉత్తరం రాయబోయాడు. అప్పుడు నేను గుండె నిబ్బరంతో ముందుకొచ్చి తప్పు ఒప్పుకున్నాను. (లేదు. చిచ్చా ఒక అక్షరాన్ని గోటితో గీకితే ఎర్రటి పొడి రాలింది.)

"మనోడు అక్షరాలను పార్సిల్ చేసిండు, సేటూ."

"ఎందుకు పూడ్సినవ్‌రా?"

"పలిగినయనుకున్న."

"అన్నీ ఒక్కతీర్గ పలుగుతయా?"

"నేను గూడ గదే పరేషాన్ల ఉన్న, సేటూ."

సేటు తిట్టలేదు. సూది చేతిలో పెట్టి, "గా గీత కోసమే తెచ్చిన. తవ్వు" అన్నాడు. ముందు వధూవరుల పేర్లకు కావలసినవి తవ్వాను. కార్డులు వేళకు పోయాయి. వధువు పేరులో ఒక్క అక్షరానికి లక్క సగమే ఊడితే, అది కొత్త ఫ్యాషనని సేటు నమ్మించాడు. కాలనీ నుంచి వచ్చిన తర్వాతి పెళ్లివాళ్లు తమకూ అట్లాంటి అక్షరమే ఒకటి కావాలన్నారు.

మొన్న భూపాలపల్లిలో మా మనవరాలు కంప్యూటరు మీద నడుమ తెల్లగీత ఉన్న అవే అక్షరాలతో పెళ్లికార్డంతా నింపుతోంది. "పేర్లకే పెట్టు బిడ్డా. చిన్నగ పెడితే గీత పూడుకపోతది" అన్నాను.

"నీకెట్ల ఎరుక తాతా?"

"అవన్నీ నేను చెక్కినయే."

అది నోరు తెరిచి చూసేసరికి జాలేసింది. "చెక్కలేదు, తవ్విన" అని తెర మీది అక్షరానికి గోరు ఆనించి కథంతా చెప్పాను. అది నవ్వుతూనే నా చేయి పట్టుకుంది.

"సరే గని తాతా, గోటితో గీకకు. స్క్రీన్ ఖరాబైతది."