వెంగమ్మ అమ్ముకోలేని ఇల్లు

ఆ పొద్దున వెంగమ్మ గడపకు పసుపు రాసి, పడవలొచ్చాయని ఊరితోపాటు తానూ రేవుకు పోయింది. తిరిగొచ్చేసరికి తలుపుకి కోర్టు కాగితం అంటించి ఉంది. మొగుడు పడవకు చేసిన అప్పు కింద ఇల్లు జప్తు.

"రేపు గంగులయ్యన్నకు అమ్మి, మీ బాకీ మీ మొహాన కొడతానని చెప్పినా గదయ్యా!" అని ఆ కాగితం అంటించిన కోర్టు అమీను మీద విరుచుకుపడింది.

"డప్పు కొట్టి జప్తు చాటించినామమ్మా. డప్పు మోగినాక నువ్వు అమ్మినా చెల్లదు."

"ఊరంతా రేవులో ఉంటే ఎవరికి చాటినావు, కుక్కలకా?"

వేలంలో ఇంటిని అప్పిచ్చిన షావుకారే సగం ధరకు పాడుకున్నాడు. వెంగమ్మ పరాయి పంచన, అమీనును తిట్టుకుంటూనే పందొమ్మిది వందల అరవై రెండులో పోయింది.

ఆమె దినం నాడు డప్పు కొట్టే పోలయ్య, అన్నాళ్లూ కోర్టుకు భయపడి దాచిన మాట చెప్పాడు. జప్తు జరిగిన ఆ పొద్దున అతనూ చేపలకోసం రేవులోనే ఉన్నాడట. డప్పు అతని ఇంట్లో చూరుకే వేలాడుతోందట.