బాపు కొట్టిన ఒకే ఒక్క సిక్సర్

ఆ రోజుల్లో నాకు పట్టుదల ఎక్కువని అందరూ అనేవాళ్లు. (మా అమ్మ దాన్నే మొండితనం అనేది. ఇప్పటికీ మాట మార్చలేదు.) ఇప్పుడు చూడండి, బిల్డింగులో లిఫ్టు చెడిపోతే వాచ్‌మన్‌ని అడగడానికి మొహమాటపడి, సామాన్ సంచులు మోసుకుంటూ మెట్లెక్కే మనిషిని నేను. అలాంటిదాన్ని, మూడో క్లాసులో ఒక బంతి కోసం ముక్కూ మొహం తెలియని వాళ్ల గేటు చెప్పుతో బాదానంటే నాకే నమ్మబుద్ధి కాదు.

అప్పుడు మేము అరబ్బు దేశంలో, గుదైబియా అనే చోట ఉండేవాళ్లం. మా బాపు ఆ పక్కనే సిత్రాలో ఎలక్ట్రీషియన్. శుక్రవారం డ్యూటీ లేకపోతే చాలు, పొద్దున్నే నన్ను వెంటేసుకుని అరాద్‌లోని ఖాళీ జాగాకు పోయేవాడు. అక్కడ లేబర్ క్యాంపుల వాళ్ల క్రికెట్ పోటీలు జరిగేవి. టెన్నిస్ బంతికి ఎర్ర కరెంటు టేపు చుట్టి ఆడేవాళ్లు. టేపు చుట్టే పని మొత్తం బాపుదే. చుట్టడంలో ఎంత పనితనమో, వేయడంలో అంత దానధర్మం. బాపు బౌలింగుకు వచ్చాడంటే ఎదుటి టీములో ఆఖరివాడు కూడా బ్యాటు పట్టుకుని లేచేవాడు. ఇక ఆయన బ్యాటింగ్ సంగతి, పోయిన దారినే తిరిగొచ్చేవాడు. ఇంటికొస్తే అమ్మ వదిలేదా? "ఏమయ్యా, ఇయ్యాల బంతులు మంచిగ ఏరినవా?" అనేది. బాపు నవ్వేవాడు గానీ, అన్నం కలుపుతూ తల ఎత్తేవాడు కాదు. నాకది అస్సలు నచ్చేది కాదు.

ఆ శుక్రవారం బాపు ఆఖర్న దిగాడు. కళ్లు మూసుకుని బ్యాటు ఊపాడు. (నేను చూశాను, మూసుకునే ఉన్నాడు.) బంతి లేచి, ఇసుక దాటి, పక్కనున్న పెద్ద తెల్ల ఇంటి గోడ అవతల పడింది. సిక్సర్! బంతి ఎటు పోయిందో అందరికంటే ఆలస్యంగా తెలిసింది బాపుకే. నేను ఉరికి ఆయన నడుము పట్టుకున్నాను. "బాపూ, అమ్మ నమ్మది!" అన్నాను. అప్పటిదాకా వెలిగిపోతున్న మొహం కాస్తా చిన్నబోయింది. "అవు బిడ్డా, నమ్మది," అన్నాడు.

అంతే, నాకు పంతం పట్టుకుంది. ఆ బంతి లేకుండా ఇంటికి రానన్నాను. మా కెప్టెన్ మేస్త్రీ మామ అడ్డం పడ్డాడు. "ఖలాస్, అది పోయినట్టే. ఆ ఇంట్ల పడ్డ బంతి అడుగొద్దు. ఆ అరబ్బాయన మనల పనికి తెచ్చిన కఫీల్‌కు ఫోన్ గొడితే వీసా కాన్సిల్!" (ఆ అరబ్బాయనను చూసినవాడు మాలో ఒక్కడూ లేడు.) "అడగందే అమ్మయినా పెట్టదని నువ్వే అంటవు గద బాపూ?" అన్నాను. "అది అమ్మ సంగతి బిడ్డా, ఇది అరబ్బోళ్ల ఇల్లు," అన్నాడు బాపు. వాళ్లు మళ్లీ ఆటలో పడగానే నేను జారుకున్నాను.

బెల్లు అందలేదు. చెప్పు తీసి గేటు బాదాను. బడిలో నేర్చిన నాలుగు అరబ్బీ ముక్కలు నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. తలుపు తీసిన ఆవిడ చున్నీ నడుముకు బిగించి, "ఎవర్తివే నువ్వు? గేటు ఇరగ్గొడతావేటి?" అంది. గోదావరి తెలుగు! నా అరబ్బీ అంతా గొంతులోనే ఉండిపోయింది. "మా బాపు సిక్సర్ కొట్టిండు, బంతి కావాలె," అన్నాను. ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "అమ్మ బాబోయ్, ఇన్నాళ్లకి అడిగేవోళ్లు ఒకళ్లొచ్చారు! మా ముసలి మేడం ఒక్కటీ పారేయనివ్వదు, పాపం ఎవరిదో ఏటో అంటది."

ముసలి మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఖర్జూరాలు తినిపించింది. ఈలోగా ఆ ఇంట్లో పనిచేసే ఈ గోదావరి అక్క ఒక నీలం ప్లాస్టిక్ టబ్బు ఈడ్చుకొచ్చింది. నిండా ఎర్ర బంతులే. "మీ నాన్నది ఏదమ్మా?" అంది. అన్నీ ఒకే టేపు, ఒకే చుట్టు! నోట్లో ఖర్జూరం, కళ్లలో నీళ్లు. ముసలామె నా మొహం చూసి నవ్వి, మొత్తం పట్టుకుపొమ్మని "యల్లా, యల్లా" అంటూ చెయ్యి ఊపింది.

టబ్బు చెరో వైపు పట్టుకుని అక్కా నేనూ వస్తుంటే ఆట ఆగిపోయింది. మేస్త్రీ మామ లోపలికి తొంగి చూసి కడుపు పట్టుకున్నాడు. "ఓరి, గివన్ని నీ బౌలింగుల పోయినయే గదరా!" టీమంతా ఇసుకలో పడి దొర్లారు. బాపు పరువు నిలబెట్టబోయి, ఆయన పరువు తీసే సాక్ష్యం టబ్బుతో మోసుకొచ్చానని అప్పుడు అర్థమైంది. "ఒక్కటి నీది బాపూ, ఏదో తెలుస్తలేదు," అని ఏడుపు లంకించుకున్నాను. బాపు మోకాళ్ల మీద కూర్చుని, వెతకనైనా వెతక్కుండా ఒక బంతి తీశాడు. "ఇదే," అన్నాడు. ఎట్ల తెలుసన్నాను. "నేను చుట్టిన టేపు నాకెర్క లేదా బిడ్డా?" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో అమ్మ ఆ బంతిని అటూ ఇటూ తిప్పింది. నా వాచిన కళ్లు చూసింది, బాపును చూసింది. ఎప్పుడూ నాకు పడే కోడి కాలు తీసి ఆయన పళ్లెంలో వేసింది. ఆ రోజు బాపు తల ఎత్తి తిన్నాడు. (నేను కోడి కాలు కోసం పేచీ పెట్టలేదు. అంత త్యాగం మళ్లీ చేసిన గుర్తు లేదు.)

టబ్బులో బంతులన్నింటికీ టేపు చుట్టింది బాపేనన్న సంగతి నాకు కాలేజీకి వచ్చాక గానీ తట్టలేదు. ఆ బంతి ఇప్పటికీ మా టీవీ పక్కనే ఉంది. మొన్న ఊరికి వీడియో కాల్ చేసి, "నిజం చెప్పు బాపూ, ఆ రోజు అదేనా?" అని అడిగాను. బాపు నవ్వాడు. "నువ్వు గేటు గొట్టి తెచ్చినవు గద బిడ్డా, అదే." వెనక నుంచి అమ్మ గొంతు: "ఆయన కొట్టిందో, ఆయన కొట్టిచ్చుకున్నదో, మంచిగ తుడిచి పెట్టు!"

తుడిచి పెట్టాను. లిఫ్టు ఇంకా బాగు కాలేదు. ఇవాళ బియ్యం సంచితో మెట్ల మీద ఆయాసపడుతూ ఆ పిల్లను తలుచుకున్నాను. అదే ఉంటే ఈపాటికి వాచ్‌మన్ తలుపు చెప్పుతో బాదేది.