మారుమనువుకు ముందు చెప్పిన మాట

నా భార్య చనిపోయిన ఏడాదికి మా అక్క నాకు మళ్లీ పెండ్లి చేయాలని పట్టుబట్టింది. అక్కది సుల్తానాబాద్. మమ్మల్ని కన్న అవ్వ పోయాక నన్ను పెంచింది అక్కే. నేను అప్పుడు మందమర్రిలో బొగ్గుబావి దగ్గర ల్యాంపు రూములో పనిచేసేవాణ్ణి. బావిలోకి దిగేవాళ్లకు చార్జి ఎక్కిన దీపాలు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకొని మళ్లీ చార్జికి పెట్టడం నా పని. పన్నెండేళ్ల కూతురితో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాణ్ణి.

పిల్ల ఎదుగుతోందని, ఇంట్లో ఆడదిక్కు లేకపోతే ఎట్లాగని అక్క వచ్చినప్పుడల్లా అనేది. నేను వద్దనేవాణ్ణి. పోయినామె మీద ప్రేమతో వద్దంటున్నానని అక్క అనుకుంది. ప్రేమ ఉన్న మాట నిజమే. కాని నాకు అడ్డం పడ్డది అది కాదు, భయం. ఆ భయం సంగతి చెప్పాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి.

డెబ్బై మూడులో, ఇరవయ్యో ఏట నేను బావిలో చేరాను. పెండ్లి కాలేదు. నలుగురం ఒకే గదిలో వండుకొని తిని, షిఫ్టులకు పోయేవాళ్లం. సెలవు దొరికితే బల్లార్షా బండి ఎక్కేవాళ్లం. అక్కడ ఒక వీధిలో ఆడవాళ్లుండే ఇండ్లు ఉండేవి. నేను మూడుసార్లు పోయాను. ఆ తర్వాత కొన్ని నెలలకు చెప్పుకోలేని చోట నాకు పులిపిర్లు లేచాయి. నొప్పి లేదు, చీము లేదు. చిన్న చిన్నవి, కాలీఫ్లవర్ ముక్కల్లాగా. తోటి కార్మికుడొకడు నన్ను ఒక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన పుల్లకు దూది చుట్టి ఏదో మందు అద్దాడు. నాలుగైదుసార్లు పోయేసరికి అన్నీ రాలిపోయాయి. ఇక ఫికర్ లేదన్నాడాయన. పైకి కనిపించనిది లోపలా లేదనే నేనూ అనుకున్నాను. మరుసటేడు పెండ్లి చేసుకున్నాను.

ఆమెకు అప్పుడు పందొమ్మిదేండ్లు. మా క్వార్టర్ల లైనులో సైకిలు నేర్చుకున్న మొదటి ఆడది ఆమే. కుచ్చిళ్లు దోపుకొని, పాపను వెనక కూర్చోబెట్టుకొని అంగడికి పోయేది. లైనులోని ఆడవాళ్లు మొదట నవ్వారు, తర్వాత వాళ్ల సామాన్లు కూడా తెమ్మని సంచులిచ్చారు. పాప పుట్టాక ఇంక చాలని తానే ఆసుపత్రికి పోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. మా బాపు ఆ కోపంతో మూడేండ్లు మా ఇంటి గడప తొక్కలేదు.

ఎనభై తొమ్మిదిలో ఆమె సైకిలు తొక్కడం మానేసింది. అప్పుడే నేను అడగాల్సింది. నడుము నొస్తోందంది. మేం కలిసిన తెల్లారి ఆమె బట్టకు రక్తం కనిపించేది. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టుకొని తాగింది. కొన్నాళ్లకు కలవకపోయినా కనిపించడం మొదలైంది. వాసన కూడా వచ్చేది. అరుగు మీద పక్కింటివాళ్ల మధ్య కూర్చోవడం మానేసి, రోజుకు రెండు మూడుసార్లు స్నానం చేసేది. ఎనిమిది నెలలు అట్లా దాచిపెట్టింది. ఒకే ఇంట్లో ఉండి నేనూ ఆ ఎనిమిది నెలలు ఏమీ కానట్టే ఉన్నాను. చివరికి డిస్పెన్సరీలో చూపిస్తే అక్కడి నర్సమ్మ ఒక్కసారి చూసి, ఆ రోజే హైదరాబాదుకు పొమ్మంది.

హైదరాబాదులో చూసిన డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. గర్భసంచి మూతికి క్యాన్సర్ వచ్చిందని, పక్కలకు పాకిందని చెప్పింది. కాగితం మీద రాసుకుంటూ మమ్మల్నిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఎన్నో అడిగింది. ఎన్నో ఏట పెండ్లయింది, ఎందరు పిల్లలు, పొగాకు నములుతుందా. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకెప్పుడైనా అక్కడ పుండ్లు గాని, పులిపిర్లు గాని లేచినయా?"

నా భార్య నా ముఖం చూసింది.

"లేదమ్మా," అన్నాను.

డాక్టరమ్మ అది రాసుకుంది.

ఆరు వారాలు కరెంటు పెట్టారు. అప్పట్లో రేడియేషన్ వైద్యాన్ని అందరూ అట్లాగే అనేవాళ్లు. ఆమె పొట్ట కింద చర్మం నల్లగా మాడినట్టయింది. ఇంటికొచ్చాక మూడు నెలలు బాగానే ఉంది. పాపకు జడలు వేసింది, వంట చేసింది. తర్వాత కాళ్లు వాచాయి. మూత్రం తగ్గింది. మంచం మీద పడుకొని ఒకరోజు నన్ను అడిగింది.

"నేను ఆపరేషన్ జేసుకున్నందుకే గిట్లయిందా? మీ బాపు వద్దన్నా ఇనకపోతి."

కాదని నాకు తెలుసు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్న నా చెవుల్లో తిరుగుతూనే ఉంది. కాదంటే మరి దేనివల్ల అని అడుగుతుంది. నేను మాట్లాడలేదు. తడిబట్టతో ఆమె పాదాలు తుడిచాను. నేను మాట్లాడకపోవడాన్ని ఆమె అవునన్నట్టే తీసుకుంది. వానకాలం పోయే ముందు చనిపోయింది. అప్పటికి ఆమెకు ముప్పై మూడేండ్లు.

అక్క చూసిన సంబంధం పెద్దపల్లి దగ్గరి ఊరిది. ఆమె అంగన్‌వాడీలో పిల్లలకు చదువు చెప్పేది. భర్త ఇంకో ఆమెను తెచ్చుకుంటే ఎనిమిదేండ్ల కింద విడిపోయి, అన్న ఇంట్లో ఉంటోంది. పిల్లలు లేరు. అక్క మా ఇద్దరినీ కలిపి మాట్లాడించాలనుకుంది. నేను గడువు అడిగి, ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు పోయాను.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టలేదు. నా భార్య ఊరు, వయసు చెప్పి, ఆ రోజు నేను అబద్ధమాడానని చెప్పాను. ఆమె కోప్పడలేదు. తలుపు దగ్గరగా వేసి, నన్ను కూర్చోమంది. ఈ క్యాన్సర్ వెనక ఒక వైరస్ ఉందని ఇప్పుడు తెలుస్తోందని, అది ఆడా మగా కలిసినప్పుడు ఒకరి నుంచి ఒకరికి వస్తుందని చెప్పింది. దాంట్లో చాలా రకాలున్నాయట. పులిపిర్లు లేపే రకాలు వేరు, క్యాన్సర్ తెచ్చే రకాలు వేరు. కాని మొదటిది అంటిన చోటే రెండోది కూడా అంటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

"నా వల్లనే వచ్చిందా అమ్మా?" అని అడిగాను.

"ఉండొచ్చు. తేల్చి చెప్పడం నా చేత కాదు, ఇంకెవరి చేతా కాదు," అంది. "మిగతాది నువ్వు మోయాల్సిందే."

నా ఒంట్లో అది ఇంకా ఉందో లేదో చెప్పమన్నాను. మగవాళ్లకు అట్లాంటి పరీక్ష లేదంది. చాలామందిలో ఒకటి రెండేండ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుందట. కొందరిలో ఏ గుర్తూ లేకుండా ఏండ్ల తరబడి ఉండిపోతుందట. నిరోధ్ తొడుగు వాడితే ప్రమాదం తగ్గుతుంది కాని పూర్తిగా పోదు, ఎందుకంటే అది చర్మం నుంచి చర్మానికి కూడా అంటుతుంది. ఆడవాళ్లకు మాత్రం ఒక దారి ఉందంది. గర్భసంచి మూతి దగ్గర మెల్లగా గీకి, గాజుపలక మీద పూసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. మంచి కణాలు చెడడానికి ఏండ్లు పడుతుంది కాబట్టి ముందే కనిపెడితే చిన్న వైద్యంతో పోతుంది.

నా భార్యకు ఆ పరీక్ష ఐదేండ్ల ముందు చేయించి ఉంటే ఏమయ్యేదని అడిగాను. బహుశా బతికేదంది. నేను లేవబోతుంటే, మళ్లీ పెండ్లి చేసుకునేటట్టయితే చేసుకోబోయే ఆమెకు ముందే అంతా చెప్పమంది. పెండ్లయ్యాక చెబితే ఆమెకు ఒప్పుకోవడమో కాదనడమో అనేది ఉండదంది.

సుల్తానాబాద్‌లో అక్క ఇంటి వాకిట్లో ఆ అంగన్‌వాడీ ఆమెను మొదటిసారి చూశాను. ముప్పై నాలుగేండ్ల మనిషి, గట్టి చూపు. అక్క చాయ పెట్టడానికి లోపలికి పోయింది. అక్క వచ్చేలోగా చెప్పాలని తొందరపడి, ముందూ వెనకా తడబడుతూ మొత్తం చెప్పాను. బల్లార్షా, పులిపిర్లు, నా భార్య రోగం, డాక్టరమ్మ మాటలు. ఆమె తల దించుకోలేదు. నేనే దించుకున్నాను.

"గీ సంగతి మీ భార్యకు ఎరుకనా?" అని అడిగింది.

"లేదు."

"ఆమెకు చెప్పనిది నాకెందుకు చెప్తున్నరు?"

"ఆమెకు చెప్పలే గనకనే," అన్నాను.

చాయ వచ్చింది. ఆమె తాగింది, అక్కతో ఊరి మాటలు మాట్లాడింది, బస్సుకు వెళ్లిపోయింది. రెండు నెలలు కబురు లేదు. ఏం మాట్లాడి చెడగొట్టావని అక్క నన్ను నిలదీసింది. నేను చెప్పలేదు.

తర్వాత ఆమె నుంచి నాకు ఇన్లాండ్ లెటరు వచ్చింది. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో రాయమని, ఒంటరిగా పోవడానికి జంకుగా ఉందని, మా అక్క తోడు రావడానికి ఒప్పుకుంటుందా అని అడిగింది. పెండ్లి మాట ఒక్క ముక్క లేదు. అక్కను పంపాలంటే అక్కకూ చెప్పక తప్పలేదు. విన్నాక అక్క వారం రోజులు నాతో మాట్లాడలేదు. కాని ఆమెను తీసుకొని హైదరాబాదు పోయింది.

చెడు వస్తుందని నేను ఊహించలేదు. ఏమీ లేదని కాగితం వస్తుందనుకున్నాను. పరీక్షలో ఆమెకు గర్భసంచి మూతి దగ్గర కణాలు మారుతున్నాయని తేలింది. ఇంకా క్యాన్సర్ కాలేదు. అట్లాగే వదిలేస్తే కొన్నేండ్లకు కావచ్చట. నేను ఆమె చేయి కూడా ముట్టుకోలేదు. నా వల్ల కాదని తెలియగానే నా గుండె మీది బరువు దిగినట్టయింది. మరుక్షణమే ఆ సంతోషానికి సిగ్గుపడ్డాను. అక్కడ ఒక మనిషి గదిలో భయపడుతూ కూర్చుని ఉంటే, నేను తప్పించుకున్నానని సంబరపడుతున్నాను.

చెడిన ముక్క వరకు కోసి తీసేశారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. చివరి రోజు నేను పోయాను. వరండాలో బెంచీ మీద నా పక్కన కొంచెం ఎడంగా కూర్చుంది.

"నాకు నా పెనిమిటి తప్ప ఇంకొకలు ఎరుకలేరు," అంది. "గాయన ఎందరి దగ్గరికి పోయిండో నాకెట్ల ఎరుక? మీకు నానుంచి రాదని కూడా ఎవరు చెప్పలేరట. గిప్పుడు మీకు నేను చెప్తున్న. మీరు కూడా మంచిగ ఆలోచన జేసుకోరి."

నేను ఆలోచించి సరేనన్నాను. ఆమె ఇంకో ఆరు నెలలు తీసుకుంది. రెండో పరీక్ష మంచిగా వచ్చాకే సరేనంది. తొంభై మూడు ఎండాకాలంలో నలుగురి మధ్య దండలు మార్చుకున్నాం. పెండ్లికి ముందు ఆమె పెట్టిన షరతులు రెండే. ప్రతి ఏడూ పరీక్షకు తోడు రావాలి, నిరోధ్ వాడాలి. డిస్పెన్సరీలో అవి ఊరికే ఇచ్చేవాళ్లు. నలభై ఏండ్లవాడిని, అందరి ముందు చేయి చాచి అడిగి తీసుకునేవాణ్ణి. కాంపౌండరు నవ్వేవాడు. నవ్వనిచ్చాను.

ఆమె బాగుంది. ప్రతి ఏడూ రైల్లో ఆమె పక్కన కూర్చొని పోతున్నప్పుడు, మొదటామెతో చేసిన ప్రయాణమే కిటికీ బయట కనిపించేది. ఒక ఆడమనిషిని ఒక మాట చెప్పి కాపాడాను. ఇంకొకామెకు ఆ మాట చెప్పలేదు. రెండూ చేసింది నేనే. ఒకటి చేశానని రెండోది తగ్గదు.

తొంభై ఎనిమిదిలో కూతురికి సంబంధం కుదిరింది. వాళ్లమ్మ సంగతి చెప్పమని నా రెండో భార్య అంది, తాను చెప్పనంది. ఒక మధ్యాహ్నం కూతుర్ని కూర్చోబెట్టి వాళ్లమ్మ ఎట్లా పోయిందో, నేను ఏం దాచానో చెప్పాను. పెండ్లయ్యాక ఎప్పుడు రక్తం కనిపించినా దాచొద్దని, కనిపించకపోయినా కొన్నేండ్లకోసారి పరీక్ష చేయించుకోమని, చేసుకోబోయేవాడితో ఈ విషయం మాట్లాడడానికి సిగ్గుపడొద్దని చెప్పాను. ఆమె అంతా వింది.

"మంచిగ చెప్పినవ్ బాపూ," అంది. లేచి పిన్ని దగ్గరికి, వంటింట్లోకి పోయింది.

పెండ్లి సక్రమంగా జరిగింది. కూతురు పరీక్షలు చేయించుకుంటుంది, ఆ సంగతి పిన్నికి ఉత్తరంలో రాస్తుంది. ఇప్పుడు ఆడపిల్లలకు ముందే వేసే టీకా వచ్చిందని నేను పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి పంపితే మనవరాలికి వేయించింది. పండుగకో పబ్బానికో ఇంటికి వస్తుంది. నాకు అన్నం పెడుతుంది, మందులు వేసుకున్నానా అని అడుగుతుంది. నాతో వాళ్లమ్మ మాట మాత్రం ఎత్తదు. నేనూ ఎత్తను. బస్సు ఎన్నింటికో, అక్కడ వానలు పడ్డాయో లేదో మాట్లాడుకుంటాం.