ఊరంతా తాత చెయ్యే

మా తాత ఆ మహానగరంలో బస్సు దిగేసరికి, ఆయన ఎడమ చెయ్యి అక్కడికి చేరి చాలా ఏళ్ళయింది. పాపం, ఆయనకే తెలియదు.

తాత బోర్డులు రాసేవాడు. మా చిన్న ఊళ్ళో అందరూ ప్లాస్టిక్ బోర్డులకు మరిగాక రంగు డబ్బాలు అటకెక్కించి, గోడౌన్ కాపలాకు కుదిరాడు. నగరానికి వెళ్ళి రాసుకుందామంటే బావమరిది ఫోన్లోనే అడ్డుపడ్డాడు. వాడు నానమ్మ తమ్ముడు. తల్లి లేని పిల్లాడని ఆవిడే సాకింది. కుంచె పట్టడం తాత నేర్పాడు.

"బావా, ఇక్కడ చేత్తో రాసిన బోర్డు కనపడితే ఒట్టు! నేనే కుంచె పారేసి మూటలు మోస్తున్నా. నువ్వొచ్చి ఏం చేస్తావు?"

తాత నమ్మాడు. నమ్మినవాడు నమ్మినట్టు ఊరుకోక, కుంచెలను మాత్రం అప్పుడప్పుడూ కిరసనాయిలుతో కడిగేవాడు. ఎందుకని నానమ్మ అడిగితే "బూజు పడుతోందే" అనేవాడు.

ఒకరోజు గోడౌన్ యజమాని త్రాసు బాగుచేయించుకు రమ్మని నగరానికి పంపాడు. రిపేరు షాపువాడు సాయంత్రం రమ్మన్నాడు. పగలంతా ఖాళీ. ఊరు చూసొద్దామని తాత నడక మొదలుపెట్టాడు. పైకి అలా అనుకున్నాడు గానీ, లోపల ఉన్నది ఒక్కటే. చేత్తో రాసిన బోర్డు ఒక్కటంటే ఒక్కటి కనపడనీ, కాపలా మానేసి ఇక్కడికే వచ్చేస్తాను.

పెద్ద రోడ్డు ఆయన్ని నిలబడనివ్వలేదు. ఆగితే వెనకవాళ్ళు భుజం తగిలిస్తున్నారు, నడిస్తే ఎదుటివాళ్ళు తగిలిస్తున్నారు. రోడ్డు దాటడానికి ధైర్యం చాలక, సంచి పట్టుకున్న ఒక ముసలావిడ వెనకే దాటాడు. ఆవిడ ఏదో మర్చిపోయినట్టుంది, గిరుక్కున వెనక్కి తిరిగి మళ్ళీ దాటింది. తాత కూడా దాటాడు. రెండోసారి వెనక్కి తిరిగినప్పుడు ఆవిడ ఆగి, "ఏం బాబూ, నాతో ఏమైనా పనుందా?" అంది. తాత చెప్పులకేసి చూసుకున్నాడు.

మేడలు చూసి చూసి మెడ పట్టేసింది. మేడలకు తగిలించిన బోర్డులన్నీ ప్లాస్టిక్కే, పగలు కూడా లైట్లు వెలిగించుకుని పళ్ళికిలిస్తున్నాయి. 'వాడు నిజమే చెప్పాడు. అనవసరంగా అనుమానించాను' అని తనను తానే తిట్టుకున్నాడు. ఆ రొద భరించలేక పక్క సందులోకి మళ్ళాడు.

సందు మొదట్లోనే గోడ మీద ఒక చెయ్యి ఉంది. పళ్ళ డాక్టరు మేడ మీద ఉన్నాడని వేలు పైకి చూపిస్తోంది. రంగుతో, కుంచెతో వేసిన చెయ్యి! తాత మొహం విప్పారింది. దగ్గరికి వెళ్ళాడు. చూపుడు వేలు నిటారుగా ఉంది, మిగతావి మడిచి ఉన్నాయి. చిటికెన వేలు మాత్రం మడతపడకుండా, పిట్టగోడ మీంచి తొంగిచూసే పిల్లాడిలా బయటికి వచ్చి ఉంది.

తాత తన ఎడమ చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. చిన్నప్పుడు తలుపు సందులో నలిగిన చిటికెన వేలు ఇప్పటికీ మడతపడదు. కుంచె కుడిచేతిలో ఉంటుంది కాబట్టి, చెయ్యి బొమ్మ వేయాల్సి వచ్చినప్పుడల్లా ఎడమచేతిని చూసి వేసేవాడు. ఆ వేలు వంకర బొమ్మలోకీ వచ్చేసేది. తాత చెయ్యి ఆ గోడెక్కి కూర్చుంది.

అక్కడి నుంచి ఆయన ఊరు చూడలేదు, తన చేతిని చూస్తూ నడిచాడు. చెప్పుల షాపు ఇటు. ఫోటో స్టూడియో అటు. మరుగుదొడ్డికి సైతం తాత చెయ్యే దారి చూపిస్తోంది, అదీ ఎంతో మర్యాదగా.

తాత ఒక మంగలి షాపు బయట నిలబడి అడిగాడు. "ఈ చేతులు ఎవరు వేశారయ్యా?"

"తెలీదా పెద్దాయనా? చిటికెన వేలాయన! ఊరంతా ఆయనే. ఈ వేలు ఆయనకు కల్లో కనపడిందట" అన్నాడు మంగలి. అంతలో తాత చెయ్యి చూశాడు. "అరే, అచ్చం అలాగే ఉందే! అంత అభిమానమేంటండీ, వేలు విరగ్గొట్టుకునేంత?"

షాపులో వాళ్ళంతా నవ్వారు. తాత నవ్వలేకపోయాడు. ఆ చిటికెన వేలాయన షాపుకు దారి అడిగి తెలుసుకుని వెళ్ళాడు.

అనుకున్నట్టే అది బావమరిది షాపు, బాగా పెద్దది. ముగ్గురు పనివాళ్ళు రేకుల మీద రంగు పూస్తున్నారు. గుమ్మంలో తాతను చూడగానే వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"మూటలు బరువుగా ఉన్నాయా?" అన్నాడు తాత.

"బావా... లోపలికి రా. టీ తెప్పిస్తాను."

"టీ సరే. దేవుడు నీకూ అయిదు వేళ్ళిచ్చాడు కదరా. నావెందుకు?"

వాడు తాతను వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. "నా చెయ్యే వేసి చూశాను బావా, ఒట్టు. ఎవరికీ నచ్చలేదు. గదమాయిస్తున్నట్టు ఉందన్నారు. నీదైతే రమ్మని పిలిచినట్టు ఉంటుందట."

"మరి నన్నెందుకు రావద్దన్నావు?"

వాడు నేలకేసి చూశాడు. "నువ్వొస్తే నీ చెయ్యి చూస్తారు. చూశాక నా బతుకేం కాను?"

తాత అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. వాడికి ధైర్యం వచ్చింది. "పోయిందేముంది, ఇప్పుడు ఉండిపో. ఈ గదిలో కూర్చుని రాసుకో. కాకపోతే బయటికొస్తే చెయ్యి జేబులో పెట్టుకో, అంతే."

తాత లేచి తలుపు తీశాడు. అప్పుడే ఒక పనివాడు తలెత్తి, "ఎవరండీ ఈయన?" అన్నాడు.

"మా ఊరాయన" అన్నాడు బావమరిది.

చెయ్యిచ్చాడంటే తాత ఎలాగోలా ఓర్చుకునేవాడు. బావ కాస్తా ఊరాయన అయిపోయాడు. తాత వెళ్ళి త్రాసు తీసుకుని బస్సెక్కాడు.

ఆ పూట వడ్డిస్తూ నానమ్మ అడిగింది. "తమ్ముడు కనపడ్డాడా?"

"ఆఁ."

"ఇంకా ఆ మూటలేనా?"

తాత కలిపిన ముద్దనే మళ్ళీ కలిపాడు. నిజం చెబితే కాపలా మానేయవచ్చు, నగరానికి పోయి ఆ గోడలన్నీ నావేనని దెబ్బలాడవచ్చు. ఎదురుగా నానమ్మ గరిటె పట్టుకుని, తమ్ముడి గురించి ఒక మంచి మాట కోసం చూస్తోంది.

"ఇంకా మూటలే" అన్నాడు.

"మరి చేత్తో రాసిన బోర్డులేమైనా కనపడ్డాయా?"

"ఒక్కటీ లేదు."

నానమ్మ మరో గరిటె వడ్డించింది. "వాడు చెప్పనే చెప్పాడు. మీరే నమ్మకుండా వెళ్ళి కాళ్ళు నొప్పులు తెచ్చుకున్నారు. నా తమ్ముడు మీతో అబద్ధమెందుకు చెబుతాడు?"

"అవును" అన్నాడు తాత. తెల్లవారి ఎప్పటిలాగే గోడౌన్ తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. అటక మీది కుంచెల జోలికి మళ్ళీ పోలేదు. బూజు పట్టిందని నానమ్మే దించి, వాటితో గిన్నెలు తోమింది.