చూరుకింది గ్లాసు

తప్పు చేసింది కోస్గి రోడ్డు మీది ఒక హోటల్ యజమాని. చూస్తూ చాయ్ తాగింది మా వెంకట్రాములు సార్. వచ్చే ఆదివారం సార్ శిబిరానికి బయలుదేరే చిట్యాల మిత్రులు దారీ ఖర్చూ తెలుసుకోవడానికి ఇది చదువుతారు కాబట్టి ఈ మాట ముందే రాస్తున్నాను.

మా యువజన సంఘానికి సార్ ఒక అలవాటు నేర్పారు. రోజూ పొద్దుగూకే వేళ కళ్లు మూసుకుని, ఈ రోజు ఏం తప్పు చేశాను, రేపు ఏం మార్చుకోవాలి అని తనను తాను అడగాలి. తర్వాత నలుగురి ముందు చెప్పాలి. ఆయన కరపత్రాలు చదివి నేను బీడీలు మానేశాను. మాదిగవాడ నుంచి సంఘంలో చేరిన మొదటివాడు, నా మిత్రుడు యాదయ్య, అబద్ధాలు మానేశాడు, చిన్నవి కూడా. ఇంకా నేర్చుకుందామని ఇద్దరం శిబిరానికి బయలుదేరాం.

చిట్యాలలో తెల్లవారుజామున బస్సెక్కితే ఎండ ముదరకముందే హైదరాబాదు చేరతారు. అక్కడ మహబూబ్‌నగర్ బస్సులో షాద్‌నగర్ దాకా నిలబడాల్సిందే, కూలీలు దిగాక సీట్లు దొరుకుతాయి. మహబూబ్‌నగర్‌లో కోస్గి బస్సుకు మారాలి. మొత్తం మనిషికి ముప్పై రూపాయలు దాటదు. మా సంచుల్లో పుస్తకాలు చూసి కండక్టర్ నవ్వాడు.

"ఏం పటేలా, సదువుకోనీకి కోస్గి పోతున్రా? గాడి జనమంత బొంబాయికి మట్టి మోయనీకి పాయె!"

బస్సు దిగగానే సార్ ఎదురొచ్చి, రోడ్డు పక్క హోటల్‌కు తీసుకుపోయారు. యజమాని చాయ్ పోస్తూ "ఏ ఊరు బిడ్డా? ఎవరోళ్లు?" అన్నాడు. నా జవాబు విని బల్ల చూపించాడు. యాదయ్య దాచకుండా తన కులం చెప్పాడు.

"అయితే జర బయట కూసో. గా చూరుకింద గ్లాసున్నది. తాగినంక కడిగి ఆడనే పెట్టు."

"గిదేం పద్ధతి సేటూ? నీకు సిగ్గున్నదా?" అని నేను లేచాను.

సార్ నా చెయ్యి పట్టి గుంజారు. "ఆవేశం వద్దు తమ్మీ. మన ఊరు గాదు."

నేను కూర్చున్నాను. సార్ తన గ్లాసు ఖాళీ చేశారు. యాదయ్య చూరుకింది గ్లాసు ముట్టకుండా ఎండలో నిలబడ్డాడు.

సాయంత్రం శిబిరంలో అందరం కళ్లు మూసుకున్నాం. సార్ ముందుగా చెప్పారు. "చాయ్ మానేస్తనని ఒట్టు పెట్టుకున్న. ఇయ్యాల మల్ల తాగిన. రేపట్నుంచి బంద్." చప్పట్లు కొట్టారు. యాదయ్య వంతు వచ్చింది.

"ఇయ్యాల నిజం చెప్పిన సార్. గదే నా తప్పు."

చప్పట్లు లేవు. సార్ గొంతు తగ్గించారు. "కోపం మనల్నే తింటది యాదయ్యా. లొల్లి ఎందుకు? వచ్చే ఆదివారం ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోండ్రి."

"అంటే చూరుకింది గ్లాసు నా సంచిలకొచ్చె, గంతేగా సార్!" అని యాదయ్య లేచి బయటికి నడిచాడు. సంఘానికి రాంరాం అన్నాడు. నేను వెంట పరుగెత్తి ఆపబోయాను.

"నువ్వు లేచినవ్ అన్నా, కాదంటలేను. మల్ల కూసున్నవ్ గద. ఒక్కడన్న కూసోకుంటే సంఘంల ఉండేటోన్ని."

ఈ అలవాటు నేను మానలేదు. కానీ ఇన్నాళ్లూ కళ్లు మూసుకుంటే నాకు బీడీలే కనిపించాయి, సార్‌కు చాయే కనిపించింది. ఇప్పుడు కళ్లు తెరిచే అడుగుతున్నాను: నేను కూర్చున్నప్పుడు ఎవరు నిలబడి ఉన్నారు? జవాబు ప్రతిరోజూ దొరుకుతోంది, మింగుడు పడటం లేదు. వచ్చే ఆదివారం ఆ హోటల్‌కు రమ్మని యాదయ్యను మళ్లీ పిలిచాను. "ముందు మీరు రాండ్రి, చూస్త" అన్నాడు.

మిత్రులారా, శనివారమే బయలుదేరి మహబూబ్‌నగర్ బస్టాండులో పడుకుంటే కోస్గికి తొలి బస్సు అందుతుంది. గ్లాసు తెచ్చుకోమని సార్ కబురు పంపుతారు. తేవద్దు. ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఆ హోటల్ ముందుకు ఖాళీ చేతులతో రండి. లోపల, ఒకే బల్ల మీద, యాదయ్యకు చాయ్ పోసేదాకా ఎవరూ కూర్చోవద్దు.