మా మోటారు పొగ

మొన్న మా వీధి మలుపులో ఎవరిదో పాత కారు ఆగిపోయి వెనక గొట్టంలోంచి గుప్పుగుప్పుమని పొగ వదులుతుంటే, పాలకి వెళ్లేవాళ్లూ కూరలకి వెళ్లేవాళ్లూ చుట్టూ చేరి తలో మాటా అన్నారు. ఒకాయన నూనె అన్నాడు, ఇంకొకాయన పెట్రోలు అన్నాడు, జన్మలో కారు తోలని పెద్దమనిషి అన్నీ మార్చెయ్యాలన్నాడు. ఆ వేడి పొగ ముక్కుకి తగలగానే, డెబ్బై దాటినదాన్ని, గోడ పట్టుకుని నిలబడిపోయాను. పొగకి కారణం చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటినుంచీ భయం.

పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట. పాచిపెంట మీది కొండల్లో, వారం వారం సంత జరిగే ఊళ్లో, మా నాన్నకి ఉప్పూ గుడ్డలూ అమ్మే కొట్టుండేది. ఊరు విడిచిపోతున్న ఒక దొర దగ్గర నాన్న పాత మోటారు కొన్నారు. దాన్ని తోలే సూరన్న సరుకు కోసం కొండ కింది సాలూరు దిగి వస్తుండేవాడు. అది ఎప్పుడూ పొగలు కక్కుతూనే ఉండేది. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువైనట్టు, నీలంగా వస్తే నూనె మండినట్టు, తెల్లగా వస్తే నీళ్లు ఇంజనులోకి దిగినట్టు అని సూరన్న నాకు చెప్పేవాడు. చెప్పడం బాగానే ఉండేది, చూద్దామంటేనే తికమక. ఎండలో నీలంగా కనిపించిన పొగ చెట్టు నీడకి వెళ్తే నల్లబడేది, పొద్దున్నపూట లోయలోంచి మంచు లేస్తే ఏది పొగో ఏది మంచో తెలిసేది కాదు. పైగా దానికి అడుగంటిన కుండ వాసనొకటి. అది ఎందుకొస్తుందో సూరన్నకీ అంతుపట్టలేదు.

ఆ ఏడు వలిసెపూలు కొండవాలంతా పచ్చగా పూసి, ఇంటింటా కందికాయలు ఉడుకుతున్న చలి రోజుల్లో అమ్మకి పురిటినొప్పులు వచ్చాయి. తెల్లవారినా కాన్పు కాలేదు. బిడ్డ అడ్డం తిరిగింది, సాలూరు ఆసుపత్రికి దింపెయ్యండి అంది మంత్రసాని. అమ్మని వెనక పరుపు మీద పడుకోబెట్టి, నన్ను ఆవిడ కాళ్ల దగ్గర కూర్చోబెట్టి, నాన్న ముందు ఎక్కారు.

ఘాటీ రోడ్డు దిగేముందు ఒక ఎత్తు ఎక్కాలి. దాని కొసన నాలుగిళ్ల గూడెం. ఎప్పుడొచ్చినా సూరన్న అక్కడ బండి ఆపి, చుట్ట ముట్టించుకుని అవతలికి పోయేవాడు. బుద్రి అనే గిరిజన ఆవిడ ఆనపబుర్రతో రేడియేటరు నింపేది. ఆవేళ నాన్న దిగి పక్కనే నిలబడ్డారు. బుర్రలోంచి పడేది నీళ్లలా లేదు.

"ఇదేటిది?" అన్నారు.

"అంబలి తేట బాబూ. కొండెక్కి వచ్చినోలికి వట్టి నీల్లు పోత్తామేటి? తప్పు కాదా?" అంది బుద్రి. ఎక్కి వచ్చిన ఎవరికైనా చోడి అంబలే, అదే రాగి అంబలి, ఇవ్వడం వాళ్ల మర్యాద. మోటారూ ఆయాసపడుతూనే వచ్చింది కదా మరి.

నాన్న రేడియేటరులో వేలు పెడితే బూడిదరంగు జిగురు అంటుకుంది. అన్నాళ్ల పొగకీ మాడు వాసనకీ కారణం దొరికిందనుకున్నారు. ఆయన మొహంలో కోపం కంటే నిశ్చింతే కనిపించింది నాకు. సూరన్నా, అంతా వంపేసి కడిగెయ్, మంచినీళ్లు పొయ్ అన్నారు.

"ఎలాగున్నది అలాగే పోనీండి. బేగి దింపండి," అంది అమ్మ లోపల్నుంచి.

"ఈ బురదతో నడిమధ్యన ఆగిపోతే?" అన్నారు నాన్న.

వాగు నీళ్లు తెచ్చి శుభ్రంగా కడిగారు. ఎవరి మాట నిజమో తెలియక నేను అమ్మ పాదాలు పట్టుకుని ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చున్నాను. మళ్లీ బయలుదేరిన కాసేపటికే మునుపెన్నడూ చూడనంత తెల్లటి పొగ కమ్మేసింది. రెండో మలుపు దగ్గర బండి ఆగిపోయింది. సూరన్న హేండిలు తిప్పగా తిప్పగా చేతులు బొబ్బలెక్కాయి గాని ఇంజను పలకలేదు. గూడెంవాళ్లు పరుగున దిగివచ్చి, కంబళిని వెదురుబొంగుకి కట్టి డోలీ చేసి అమ్మని మోసుకుపోయారు. బుద్రి నన్ను చంకనెత్తుకుని వెనకే నడిచింది.

అమ్మ సాలూరు చేరలేదు. కడుపులో బిడ్డా చేరలేదు.

నా పెళ్లికి వచ్చిన సూరన్న నన్ను పక్కకి పిలిచాడు. చాన్నాళ్లకి ఆ ఇంజను విప్పించాడట. లోపల ఇనుములో పొడుగాటి చీలిక, దాని అంచుల్లో ఇంకా అంటుకుని ఉన్న, కాలి గట్టిపడ్డ చోడిపిండి. "ఆ అంబలే దాన్ని మూసి ఉంచేదమ్మా. మనం కడిగేసాం. బాబుగోరికి సెప్పమంటావా?"

వద్దన్నాను.

ఆ గూడెం ఇప్పుడు లేదు. తారు రోడ్డు మీద బస్సులు ఎక్కడా ఆగకుండా దిగిపోతున్నాయి, మోటారుకి దప్పికేస్తుందని ఎదురొచ్చేవాళ్లూ లేరు. నాన్న మాత్రం బతికినన్నాళ్లూ, ఏ పండగపూటో అమ్మ తలపుకి వస్తే, "నేనావేళ ఆ బురద కడిగించబట్టి బండి ఆ మాత్రమైనా దిగింది, కదమ్మా?" అని అడిగేవారు. ఆయన పోయేదాకా, అడిగిన ప్రతిసారీ, "అవును నాన్నా" అంటూనే ఉన్నాను.