మూత తీయని డబ్బా

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా, కాఫీలు అయ్యాక నన్ను హాలు మధ్యలో నిలబెట్టి పద్యమో పాటో చెప్పించేవారు. సింగపూర్ బెడోక్‌లో మా ఫ్లాట్ హాలు ఎంతని? నిలబడితే ఒక పక్క టీవీ, ఇంకో పక్క వచ్చిన అంకుల్ మోకాళ్లు తగిలేవి. అయినా చప్పట్లు కొడితే నాకు కడుపు నిండిపోయేది. పెద్దవాళ్లు అడిగితే తడుముకోకుండా చెప్పాలని, తెలియదంటే అమ్మానాన్నల పరువు పోతుందని ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే నేర్చుకున్నాను. ఆ నేర్పు ఒక మనిషిని జైలుకు పంపించినంత పని చేసింది.

మాది చిత్తూరు వైపు. నాన్న ఓడలు బాగుచేసే యార్డులో పనిచేసేవారు. మా పక్కింట్లో, మా వైపు నుంచే వచ్చిన ఒక అవ్వ, తాత ఉండేవారు. బడి నుంచి వచ్చాక అమ్మ ఇల్లు చేరేదాకా నేను అవ్వ దగ్గరే ఉండేదాన్ని. నాకు పదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. అవ్వ ఇంకా మార్కెట్ నుంచి రాలేదని మా ఇనుప గేటు లోపలే నిలబడి, ఊచలు పట్టుకుని వరండా చివరికి చూస్తున్నాను. లిఫ్టు తెరుచుకుంది. అవ్వ దిగింది. వెనక నుంచి ఎవరో ఆమె మెడలోని తాళిగొలుసు లాగి, ఆమెను తోసేసి పారిపోయారు.

నేను చూసిందల్లా ఎర్ర చొక్కా వేసుకున్న ఒక వీపు. మెట్ల మీద తడి చెప్పుల చప్పుడు విన్నాను. అంతే. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ వరండా నీళ్లడుగున ఉన్నట్టు కనిపిస్తుంది. అవ్వ సంచిలోంచి జారిన వంకాయలు తొందరేమీ లేనట్టు ఒక్కొక్కటే దొర్లుకుంటూ నా గేటు వైపు వస్తాయి. ఒకటి వచ్చి ఊచకు తగిలి ఆగుతుంది. అప్పుడుగానీ నాకు అవ్వ మూలుగు వినిపించదు.

అవ్వకు తుంటి ఎముక విరిగింది. దొంగ వెనక నుంచి వచ్చాడు కాబట్టి ఆమె అతణ్ణి చూడనే లేదు. పోలీసులు ఆ సాయంత్రమే దగ్గర్లో ఎర్ర చొక్కా వేసుకున్న ఒకతన్ని పట్టుకున్నారు కానీ గొలుసు అతని దగ్గర దొరకలేదు. ఇక ఉన్నది నేనొక్కదాన్నే.

అప్పటినుంచి మా ఇంట్లో పద్యాలు పోయి ఈ కథ వచ్చింది. ఎవరొచ్చినా, "చెప్పుమ్మా, ఆ పొద్దు ఏం జరిగిందో అంకుల్‌కి చెప్పు" అనేది అమ్మ. నేను చేతులు కట్టుకుని మొదలుపెట్టేదాన్ని. చెప్పినకొద్దీ కథకు నగలు తొడిగాను. పట్టుబడినవాడి కుడిచేతి మీద పొడుగాటి మచ్చ ఉందని కింద కాఫీ కొట్టు అంకుల్ చెప్పగా విన్నాను. ఆ తర్వాతి వారం నుంచి ఆ మచ్చ నా కథలోకి వచ్చేసింది. గొలుసు లాగిన చెయ్యి, దాని మీద మచ్చ. అక్కడికి రాగానే అందరూ అబ్బా అనేవారు. కొన్నాళ్లకు ఆ మచ్చ నిజంగానే నా కళ్లకు కట్టింది. పోలీసు ఆఫీసర్ రెండోసారి వచ్చి, ఇంకేమైనా గుర్తొచ్చిందా అని అడిగితే దాన్నీ చెప్పాను. ఆయన రాసుకున్నారు.

కాగితం మీద పడ్డాకే నాకు భయం పట్టుకుంది. అవ్వ ఆసుపత్రి నుంచి వచ్చి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని, మంచం మీద నుంచే నా తల నిమిరేది. నా బంగారుతల్లి సాక్ష్యం చెబుతుందని తాత అందరితో అనేవాడు. నాకు అన్నం సయించేది కాదు.

కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన పిల్లలకు తోడుగా ఒక మనిషిని పంపిస్తారని అప్పుడే తెలిసింది. మాకు వచ్చినావిడ నర్సుగా పనిచేసి మానేసిన పెద్దావిడ. బుకిట్ పంజాంగ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆమెవాళ్లు తాతల కాలంలోనే ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లట. ఆమె తెలుగులో అరవమూ మలయ్ భాషా కలిసిపోయి ఉండేవి, మాట చివర ఇక్కడివాళ్లలాగే ఒక "లా" చేర్చేది. గుమ్మంలోకి రాగానే "మకాన్ అయిందా పాపా?" అంది. అన్నం తిన్నావా అనడానికి ఆ మలయ్ మాట వినగానే నేను ఫక్కున నవ్వాను. అమ్మ కాఫీ ఇచ్చి, అలవాటుగా, "చెప్పుమ్మా, ఆంటీకి" అంది. నేను చేతులు కట్టుకున్నాను. ఆంటీ మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, కోర్టులో చెప్పకముందు నేను వినకూడదమ్మా, అది మా రూలు అని చెప్పి, నా బడి గురించి అడగడం మొదలుపెట్టింది. ఆ కథ అడగని పెద్దమనిషిని చూడటం నాకు అదే మొదలు. నిజం చెప్పొద్దూ, కొంచెం చిన్నబుచ్చుకున్నాను.

విచారణకు వారం ముందు ఆమె నన్ను కోర్టు చూపించడానికి తీసుకెళ్లింది. ఖాళీ గదులు, మెత్తటి కార్పెట్, మా అడుగులు మాకే వినపడని నిశ్శబ్దం. ఎవరో నిద్రపోతున్న ఇంట్లో తిరుగుతున్నట్టు ఉంది. నేను జడ్జిగారి ముందుకు వెళ్లనక్కర్లేదని, వేరే గదిలో టీవీ ముందు కూర్చుని మాట్లాడితే చాలని, తను పక్కనే ఉంటానని చూపించింది. ఆ గదిలో కూర్చున్నాక సంచిలోంచి ఒక పాత బిస్కెట్ డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుంది.

"దీంట్లో ఏముందో చెప్పు పాపా."

"బిస్కెట్లు" అన్నాను వెంటనే. డబ్బా ఊపింది. గలగలమంది. "కాదు, గుండీలు" అన్నాను. మళ్లీ ఊపింది. "గుండీలు, సూదులు, దారం. ఎర్ర దారం."

"ఎర్ర దారమా! చూసినావా?"

"లేదు."

"మరి ఎందుకు చెప్పినావు?"

నాకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "మీరు అడిగారు కదా ఆంటీ" అన్నాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "తెలీదు అనేది కూడా బదులే, పాపా. ఇక్కడ ఎవరూ దానికి మార్కులు తియ్యరు లా" అంది. డబ్బా మూత తీయకుండానే సంచిలో పెట్టేసుకుంది. దారి పొడుగునా అడిగినా చూపించలేదు.

విచారణ రోజు మేమిద్దరం లోపల ఎదురుచూసే గదిలో చాలాసేపు కూర్చున్నాం. అమ్మ బయటే ఉండిపోయింది. నేను లోపలికి పోతుంటే, "మచ్చ సంగతి మర్చిపోవద్దు" అని నా చెవిలో చెప్పింది. అమ్మను తప్పుపట్టను. నేను నిజంగానే చూశాననుకుంది. ఆ గదిలో చేపల తొట్టి ఒకటి ఉంది. నారింజరంగు చేప ఒకటి అద్దం దాకా వచ్చి, నోరు తెరిచి, ఏమీ అనకుండా వెళ్లిపోయేది. దాన్ని చూసి చూసి, నేనూ నోరు తెరిచాను.

"ఆంటీ, ఆ మచ్చ నేను..."

ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "నాతో వద్దు కన్నా. లోపల అడుగుతారు. అడిగినోళ్లకే చెప్పు. ఎట్లుంటే అట్లే." ఆమె అరచెయ్యి వెచ్చగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

టీవీలో జడ్జిగారు కనిపించారు, తర్వాత నల్లకోటు వేసుకున్న లాయరమ్మ. ఆమె ప్రశ్నలు దూరం నుంచి, వానలోంచి వచ్చినట్టు వచ్చేవి. ఎక్కడ నిలబడ్డావు, ఏం చూశావు. అన్నీ చెప్పాను. అతని చెయ్యి చూశావా అని అడిగింది. నేను అలవాటుకొద్దీ పెద్దవాళ్ల మొహం కోసం వెతికాను. ఏ జవాబు చెబితే ఆ మొహం వెలుగుతుందో అదే చెప్పడం నాకు వచ్చిన విద్య. పక్కన ఉన్నది ఆంటీ ఒక్కతే. ఆమె తల వంచుకుని తన ఒళ్లో చేతులు చూసుకుంటోంది. ఆ మొహానికి నా నుంచి ఏ జవాబూ అక్కర్లేదు. అంత పెద్ద స్వేచ్ఛ నాకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

"తెలీదు" అన్నాను ఇంగ్లీషులో. "నేను చెయ్యి చూడలేదు. వీపే చూశాను. మచ్చ సంగతి కాఫీ కొట్టు అంకుల్ చెప్పారు."

ఎవరూ తిట్టలేదు. జడ్జిగారు ఏదో రాసుకుని, మంచినీళ్లు కావాలా అని అడిగారు. ఆంటీ అప్పుడు కూడా తల ఎత్తలేదు. ఆమె చెవి దగ్గర చెమట బొట్టు ఒకటి జారడం మాత్రం చూశాను.

సాక్ష్యం చాలక ఆ మనిషిని వదిలేశారు. అతనే లాగాడో, వేరెవరో నాకు ఈరోజుకీ తెలియదు. అమ్మ నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. తాత మా గుమ్మం వైపు చూడటం మానేశాడు. అవ్వకు మొహం చూపించలేక నేను వాళ్లింటికి వెళ్లలేదు. మూడోరోజు అవ్వే గోడ పట్టుకుని, కర్ర ఊతంతో, పడిపోయిన ఆ వరండాలోనే నడుచుకుంటూ మా గేటు దాకా వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె గడప దాటడం అదే మొదలు. ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా గడ్డం పట్టుకుంది.

"ఏమ్మే, రాలేదేం? నువ్వు చూడంది చూసినానని చెప్పి వాడు లోపలికి పోయింటే, ఆ గొలుసు దొరికినా నేను మెళ్లో యేసుకోగలనా?" అంది. గొలుసు దొరకనే లేదు. ఆమె చివరిదాకా ఆ పసుపుతాడే కట్టుకుంది.

ఇప్పుడు నా జుట్టు సగానికి పైగా తెల్లబడింది. నెలలో కొన్ని రోజులు కోర్టుకు వెళ్లి, అప్పట్లో ఆంటీ కూర్చున్నట్టే, ఎవరో ఒక పాప పక్కన కూర్చుంటాను. కష్టమైన ప్రశ్న రాగానే పిల్లలు నా మొహం కోసం వెతుకుతారు. నేను తల వంచుకుని నా చేతులు చూసుకుంటాను. ఎంత ప్రేమ ఉంటే అంత కష్టం అలా తల వంచడం. ఆంటీ చెవి దగ్గర ఆ చెమట ఎందుకు పట్టిందో ఇప్పుడు తెలుసు.

ఆంటీ పోయాక వాళ్లమ్మాయి ఆ బిస్కెట్ డబ్బా నాకు పంపించింది. నా సంచిలోనే ఉంటుంది. పిల్లలకు ఊపి చూపిస్తాను. గలగలమంటుంది. పోయిన నెలలో ఒక పాప బిస్కెట్లంది, గోలీలంది, చివరికి విసిగిపోయి, ఇంతకీ దీంట్లో ఏముంది ఆంటీ, మీరే చెప్పండి అంది.

"తెలీదమ్మా" అన్నాను. నేను ఎప్పుడూ మూత తీయలేదు.